ఓడినవాడి ఫోన్

మెల్‌బోర్న్,
8 నవంబర్ 1999

లతీఫా భాభీకి,

1921 నుంచి తలపడుతున్న అమెరికన్ ఫుట్‌బాల్ జట్లలో గియాస్ అభిమాన జట్టు షికాగో, నాది గ్రీన్‌బే. ఓడినవాడే ఫోన్ చెయ్యాలని సిడ్నీ ఆఫీసులో షరతు పెట్టుకున్నాం. షికాగో వరుసగా పదిసార్లు ఓడింది. పదిసార్లూ అతనే చేశాడు.

"ఏడుస్తున్నావా భాయ్?" అనేవాణ్ణి.

"ఆగు, నీకూ ఆ రోజొస్తది," అనేవాడు.

ఈ ఉదయం షికాగో 14-13తో గెలిచింది. మీ ఇంటికి ఫోన్ చేశాను. హమ్జా ఎత్తాడు.

"అంకుల్, డాడ్‌కి స్ట్రోక్ వచ్చింది. ఫ్రైడే మెషీన్ ఆఫ్ చేస్తారు."

స్కోరు చెప్పకుండానే పెట్టేశాను.

అతనికి ఏమీ వినపడదని డాక్టర్లు చెప్పారట. నేనూ అదే నమ్ముతున్నాను. ఈ ఉత్తరం గురువారానికి అందుతుంది. స్కోరు అతని చెవిలో చెప్పండి. ఓడినవాడు ఫోన్ చేశాడని చెప్పండి.

గియాస్ స్నేహితుడు