తుమ్మచెక్క కావాలి

వాడరేవు

తమ్ముడు బాజీకి అన్న సిలార్ రాసేది. పంపకాల్లో గట్టు మీది తుమ్మచెట్లన్నీ నువ్వే రాయించుకున్నావు. నాగలికి కర్ర అడిగినా ఇవ్వలేదు. అది నేను మరవలా. ఇక్కడ జనానికి చేపలు చాలటల్లేదని సర్కారోళ్ళు సముద్రంలోనే వలదడి కట్టి పండుగప్ప చేపల్ని పెంచుతున్నారు. కాపలా నాది. వల చివకదని బండి మోకుకి రాసినట్టు ఆముదం రాశాను. ఆ వాసనకి పీతలు వచ్చి వల కొరికినై, సగం చేపలు పోయినై. "ఏం తాతా, పీతలకి తాలింపు పెట్టావా?" అని పడవ బుల్లయ్య ఒకటే నవ్వు. తుమ్మచెక్క, అదే బెరడు, ఉడికించిన నీళ్ళలో నానేస్తేనే వల నిలుస్తదంట. రెండు బస్తాలు కొట్టి పంపు. అమావాస్య పోటుకి మళ్ళీ తెగితే నన్ను ఇంటికి పొమ్మన్నారు. ఓడిపోయి నీ గుమ్మం ముందుకి నేను రాను. గేదె ఈనిందా? మరదలు నసీమున్నీసాకీ పిల్లలకీ నా దీవెనలు. ఇస్తావో ఇవ్వవో, వచ్చే శుక్రవారం నమాజు లోపు నాకు జవాబు అందాలి.