అసలు రాగి

మిర్యాలగూడ,
12 మార్చి 1988

నా తల్లిలాంటి మంగ్లక్కకు,

అనంతగిరి నుంచి నువ్వు రాసిన ఉత్తరం అందింది. నీ మరిదిని తాగుబోతన్న మనిషి దగ్గరే కూలికెలా ఉంటున్నావని అడిగావు. రెండేళ్లుగా ఎవరికీ చెప్పని మాట చెబుతున్నాను. నేను చేరింది కూలికి కాదు, తెలుసుకోవడానికి.

నిడమనూరులో ఫకీరా పొలం మోటరు చూడబోయి మా ఆయన హీరాలాల్ కరెంటు తగిలి పోయినరోజు, ఆ మోటరుకు తీగ చుట్టిన దుకాణం యజమాని దుర్గయ్య ఏమన్నాడో నువ్వూ విన్నావు. "తాగి మోటరు మీద చెయ్యేసిండు. నేనేం జెయ్యాలె?" చుక్క ముట్టని మనిషిని! తర్వాత జాలిపడ్డట్టు నాకు మోటర్లకు తీగ చుట్టే వైండింగు పని ఇచ్చాడు.

చుట్టగా చుట్టగా తెలిసింది. రాగితీగ సన్నగా ఉన్నా కరెంటును సులువుగా పోనిస్తుంది, ఎక్కువ వేడెక్కదు, అతుకు గట్టిగా నిలుస్తుంది. అంతే లావున్న అల్యూమినియం తీగ చుడితే పొద్దంతా నడిచే మోటరు కాగిపోతుంది. తీగ మీది పూత మాడి, కరెంటు మోటరు ఒంటికి దిగుతుంది. పైకి రెండూ ఒకటే ఎరుపు. బ్లేడుతో గీస్తేనే లోపలి తెలుపు బయటపడుతుంది. మొన్న తుక్కులో ఫకీరా పేరు చీటీ కట్టిన పాత కాయిలు చుట్ట దొరికింది. మాడకుండా మిగిలినచోట గీశాను. తెల్లగా ఉంది.

నిన్న దుర్గయ్య త్రిపురారంలోని తన పొలం మోటరు తెచ్చాడు. "సావిత్రీ, గిది మన సొంతం. అసలు రాగే సుట్టు" అన్నాడు. సరేనన్నాను. అల్యూమినియం చుట్టి పంపాను. అక్కడ రోజూ స్విచ్చి వేసేది అతనే.

చదివి చించెయ్యి.

నీ సావిత్రి


సూర్యాపేట,
20 ఏప్రిల్ 1988

అక్కా, నా ప్రాణమా,

నేననుకున్నట్టు జరగలేదు. వారానికి దుర్గయ్య పొలంలో పనిచేసే కాటమ్మ దుకాణానికొచ్చింది. "మోటరు కాగుతున్నదమ్మా, మాడు వాసనొస్తున్నది. సేటు వస్తలేడు, రోజూ నేనే ఏస్తున్న" అంది. ఆమెతోపాటే బస్సెక్కి, పొలం చేరగానే ఫ్యూజులు పీకేశాను. కాలువ గట్టు మీదే నిజం చెప్పాను. చెంప మీద కొట్టింది. "నీ పగకు నేను సావాల్నా?" అంది.

మర్నాడు ఆ మోటరు దుకాణం ముందుకు తెప్పించి, ఫకీరానూ మిగతా రైతులనూ పిలిచాను. ఫకీరా కాయిలు గీసి చూపించాను. మోటరు విప్పి ఆ తీగా గీశాను. "గిది నేను సుట్టిన. తప్పు నాదే" అన్నాను. దుర్గయ్య ఉరికొచ్చాడు.

"అల్యూమినియం సుట్టి నన్ను సంపుదామని సూశినవా?"

"అది సుడితె మనుషులు సస్తరని నీకెరికేనా సేటూ?" అన్నాను.

నలభైమంది ఆ మాట విన్నారు. ఫకీరా వెళ్లి అతని కాలరు పట్టుకున్నాడు.

ఇప్పుడు దుర్గయ్య మీద కేసుంది, నా మీదా ఉంది. వాయిదాకు మిర్యాలగూడ పోతున్నాను. ఇక్కడ పేటలో వేరే దుకాణంలో వైండింగు చేసుకుంటున్నాను. మొన్న దుర్గయ్య వచ్చి చేతులు జోడించి రాజీ అడిగాడు. "ముందుగాల నిడమనూరు పోయి, ఆయన తాగలేదని ఊరందరికి చెప్పు" అన్నాను.

నిన్న చెప్పాడు. గుంపులో నిలబడి నేనూ విన్నాను. తర్వాత రాజీ కాగితం నా చేతికిచ్చాడు.

సంతకం పెట్టలేదక్కా. పెట్టను.

నీ చెల్లెలు,
సావిత్రి