గోదావరి అవతలి ఇల్లు

బోయిగూడ, సికిందరాబాదు,
18 ఆగస్టు 1957

మాన్యులు తుకారాం గారికి,

లీలాకుమారి నమస్కరించి రాయునది. మీరూ, మీ శ్రీమతి గారూ, మీ అమ్మగారూ పర్భణీలో సుఖంగా ఉన్నారని తలుస్తాను. మా సంగతి అట్లా రాయలేను. పోయిన నెల మా నాన్న పోయాడు. రెజిమెంటల్ బజార్‌లో మా ఇత్తడి సామాన్ల దుకాణం తలుపు తీస్తూ తీస్తూ అక్కడే కూలిపోయాడు. దవాఖానకు చేర్చేలోపే అంతా అయిపోయింది.

మీ ఉత్తరం ఆ తర్వాత వచ్చింది. పెళ్ళయిందనీ, క్షమించమనీ రాశారు. క్షమించడానికి మీరేం తప్పు చేశారు? రాష్ట్రాలు విడదీసినప్పుడు మీ మాతృభాష మరాఠీ అని మిమ్మల్ని బొంబాయి రాష్ట్రానికి పంపేశారు. ఇక్కడే ఉంచమని మీరు పెట్టుకున్న అర్జీ నడవలేదు. నాన్న ఒప్పుకోలు కోసం ఉగాది దాకా చూస్తానన్నారు, చూశారు కూడా.

బడిలో మీ భూగోళం క్లాసులు ఇప్పుడు నాకే ఇచ్చారు. పాత హైదరాబాదు రాష్ట్రం పటం గోడమీంచి తీసేసి కొత్తది తగిలించారు. మొన్న ధర్మాబాదు నుంచి వచ్చిన కొత్తపిల్ల లేచి, మా ఇంట్ల అందరం తెలుగే మాట్లాడ్తం గద టీచర్, మా ఊరు బొంబాయిల ఎందుకు పడ్డది అని అడిగింది. మీరు చెప్పేదే చెప్పాను. మాట గీత దగ్గర తెగిపోదమ్మా, మీ సంతలో బేరం తెలుగులో మొదలై మరాఠీలో ముగుస్తుంది, కిన్వట్ అడవుల్లో గోండులకైతే ఈ రెండూ పరాయి మాటలే అన్నాను. అంతవరకు చెప్పి, పిల్లల్ని చదువుకోమని నేను వరండాలోకి వచ్చి నిలబడ్డాను.

మీరు మా ఇంట్లో జొన్నరొట్టె తింటూ, ఇది మా భాకరీయే అని నవ్విన రోజు నాన్న ఎంత సంబరపడ్డాడో! పర్భణీ అయితేంది, ఒక్క రాజ్యమే గద, పిల్లనిస్తా అన్నది ఆ రోజే. ఆ మనిషే నవంబరులో రాష్ట్రాలు విడిపోయాక, పరాయి రాష్ట్రమాయె, ఆపదొస్తే నా బిడ్డ ఎవల్ని అడగాలె అని అడ్డం తిరిగాడు. అది ద్వేషం కాదు, భయం. తల్లి లేని పిల్లనని ఆయన పరేషాన్.

నా గురించి దిగులు పడకండి. ఉద్యోగం ఉంది, మేనత్త శ్యామలమ్మ తోడుంది. మీ శ్రీమతిని బాగా చూసుకోండి. ఇక ఉత్తరాలు వద్దు.

ఇట్లు,
మీ మేలు కోరే
లీలాకుమారి

తా.క.: ఇది రాయొద్దనే పైన సంతకం పెట్టేశాను. కానీ మన మధ్య సరిహద్దు గీసింది మీ నాన్నే అని మీరు రాసిన మాట, పోయిన మనిషి మీద అట్లా వదిలేయలేకపోతున్నాను.

మే నెలలో నాన్నే, ఎన్ని దినాలు గిట్ల మొకం ఎండబెట్టుకుంటవు బిడ్డా, పా, నేనే పోయి అడుగుత అన్నాడు. మన్మాడ్ బండెక్కి పర్భణీ వచ్చాం. మీ ఇంటిముందు పందిరి వేస్తున్నారు. మీరు లేరు. మీ అమ్మగారు మమ్మల్ని ఆడపెళ్ళివారి చుట్టాలనుకొని ఎదురొచ్చారు, మీ పెళ్ళి ఎల్లుండి అన్నారు. నాన్న ఉర్దూలో, ఇల్లు పొరపాటు పడ్డాం తల్లీ అన్నాడు. అయినా ఆమె, ఆడపిల్లను ఊరికే పంపనని నా నుదుట కుంకుమ పెట్టి, చేతిలో లడ్డూలు పెట్టారు. ఆ చేయి ఎంత మెత్తగా ఉందో.

తిరుగు ప్రయాణంలో బాసర దగ్గర బండి గోదావరి మీదికి రాగానే, నాన్న, జెర ముందుగాల రావల్సుండె బిడ్డా, నేనే ఆలస్యం జేస్తి అని, అందరూ చూస్తుండగా నా ఒళ్ళో తల పెట్టుకొని ఏడ్చాడు.