మొదటి పేజీలో ఒక వాక్యం

సుజాతా,

నువ్వు పోయి ఇవాళ్టికి ఏడాది. మాదాపూర్‌లో హైటెక్ సిటీ కడుతున్నచోటి ఖాళీ రోడ్డు మీద, డ్రైవింగ్ నేర్పేవాళ్లకు శిక్షణ ఇవాళే మొదలైంది. రాష్ట్రమంతటికీ ఒకే పాఠం ఉండాలని మా రవాణా శాఖలో రెండేళ్లుగా రాస్తూనే ఉన్నాను. వచ్చిన ప్రతి కొత్త ఆఫీసరూ మళ్లీ మొదటినుంచి రాయమన్నాడు, రాశాను. చివరికి నేను రాసిన వాటిలో మారకుండా మిగిలింది మొదటి పేజీలోని ఒక్క వాక్యమే: "నేర్చుకునేవారి మీద అరవకూడదు."

అది చదివి, నల్గొండలో ముప్పై ఏళ్లుగా డ్రైవింగ్ నేర్పుతున్న యాదగిరి నవ్వాడు. "అరవకుంట ఎట్ల నేర్పుతం సార్?"

అందరూ నవ్వారు. నేర్చుకోవడానికి వచ్చిన ఒకమ్మాయి పక్కన ఆయన్ని కూర్చోబెట్టి, నేను వెనక సీట్లో కూర్చున్నాను.

ఆమె క్లచ్ ఒక్కసారిగా వదిలేసింది. బండి ఆగిపోయింది. మళ్లీ రెండుసార్లూ అంతే. ఇదే రోడ్డు మీద నువ్వూ ఇలాగే మూడోసారి బండి ఆపేసినప్పుడు నేనెంత అరిచానో నీకు తెలుసు. "నాకు బండంటె భయం లేదు. పక్కన నువ్వున్నవని భయం" అని దిగి, ఇంటిదాకా నడిచే వెళ్లావు. మళ్లీ స్టీరింగ్ పట్టుకోలేదు.

యాదగిరి గట్టిగా ఏదో అనబోయి, అద్దంలో నన్ను చూసి ఆగాడు. "ఏం ఫికర్ లేదు బిడ్డా, మళ్ల స్టార్ట్ చెయ్యి" అన్నాడు.

బండి కదిలింది.

అంతేనే. ఆ రోజు నీతో నేను అనాల్సింది అంతే.