మందుల కవరు మీద కోడిపుంజు

రాయపూర్

మార్తా అక్కా,

నువ్వు పోయి ఇవాళ్టికి మూడేళ్ళు. పొద్దున చర్చికి వెళ్ళి, అటునుంచే డ్యూటీకి వచ్చాను. ఈ ఉత్తరం నీకు చేరదని తెలిసినా, ఈ సంగతి నీకే చెప్పాలనిపించింది.

మన వార్డుకు కొత్త ఇన్‌ఛార్జి సిస్టర్ వచ్చింది. రాగానే ఏ నర్సు పని ఏమిటో కాగితం మీద రాసి గోడకు అంటించింది. మన రోజుల్లో అలాంటిదేమీ లేదు కదా! చదువురాని రోగుల కోసం నువ్వు మందుల కవర్ల మీద పొద్దుటికి కోడిపుంజు, మధ్యాహ్నానికి అన్నం పళ్ళెం, రాత్రికి మంచం గీశావు. మెప్పు పెద్ద డాక్టరుకు దక్కింది. ఆసుపత్రి కవర్లన్నిటి మీదా గీసే పని నీ నెత్తిన పడింది. "కొత్తగా ఏదన్నా చెబితే అది మన చాకిరీయే అయిపోద్ది, ఇంక నన్నడక్కు" అని కొత్తవి చెప్పడమే మానేశావు. నేనూ నోరు మూసుకున్నాను.

పోయిన వారం ధైర్యం చేసి, నీతోనే ఆగిపోయిన ఆ బొమ్మల సంగతి సిస్టర్‌కు చెప్పాను. "కిస్‌కా ఐడియా థా?" అంటూ, ఆ ఆలోచన ఎవరిదని ముందు అదే అడిగింది. నీ పేరు చెప్పాను. బొమ్మలు గీసే పని అందరికీ వంతులు వేసి, గోడ మీది కాగితంలో "మార్తా దీదీ కా తరీకా" అని, మార్తా అక్క పద్ధతి అని, నీ పేరుతోనే రాసింది.

ఇవాళ అభన్‌పూర్ నుంచి వచ్చిన ఒక ముసలావిడ కవరు మీది కోడిపుంజును చూసి, "ఏ బిహనియా కే", ఇది పొద్దుటిది అంటూ పొద్దుటి మాత్ర తనే తీసి వేసుకుంది. నాకెంత సంతోషం వేసిందో!

కంటి చుక్కల సీసా, చెవి చుక్కల సీసా ఒకేలా ఉంటాయి కదక్కా. వాటి మీద కన్నూ చెవీ గీస్తే బాగుంటుందని తోచింది. రేపటి మీటింగులో అందరికంటే ముందు నేనే మాట్లాడతాను.

నీ సుజాత