ఇద్దరి పేరున ఒక నడక

షిలేలా, ఐర్లండ్
మంగళవారం

ప్రియమైన సుగంధికి,

ప్రియమైన అని అలవాటు కొద్దీ రాశాను. ఇవాళ మనసులో అంత ప్రియమేమీ లేదు.

ఎయిర్‌పోర్టులో నేను తనిఖీలన్నీ దాటి లోపల కూర్చున్నాక ఫోన్ చేసి, "మోకాలు పట్టేసినాది, టాక్సీలో ఇంటికి పోతన్నాను, నువ్వెల్లు లా" అంటావా? రెండేళ్ళు కూర్చుని అనుకున్న ప్రయాణమే ఇది! బంటింగ్ తెలుగు సంఘం వాళ్ళు మనిద్దరికీ శాలువాలు కప్పారు. మీ ఆయన జయకుమార్ మైకు పట్టుకుని అరగంట మాట్లాడాడు. ఇంత చేసి నన్ను ఒక్కదాన్నే విమానం ఎక్కించావు.

ఇక్కడ రోజూ ఊరినించి ఊరికి నడవాలి, దారి చూపించే మనిషి ఉండడు. చేతికొక పుస్తకం ఇచ్చారు. ఏ గోడ పక్కన తిరగాలో, ఏ వంతెన దాటాలో అందులోనే చూసుకోవాలి. పెట్టెలు మాత్రం వ్యాన్‌లో తర్వాతి ఊరికి పంపిస్తారు. గది ఇద్దరి పేరునే ఉంది. పొద్దున టిఫిన్‌కి రెండు ప్లేట్లు పెట్టారు. రెండోది తియ్యమనడానికి నోరు రాక రెండు ప్లేట్లూ నేనే తిని ఆయాసపడుతూ నడిచాను.

పుస్తకంలో "గేటు తీసి పొలంలోంచి వెళ్ళండి" అని ఉంది. ఎవరి పొలమో ఏమిటో! మనం పెరిగిన సుంగై సుమున్ తోటలో దొర బంగళా కంచె దాటినందుకు నాన్న నా వీపు ఎలా వాయగొట్టాడో నీకు తెలుసు. గేటు మీద చెయ్యి వేశాను, తీసేశాను. రోడ్డు మీద చుట్టూ తిరిగి వచ్చాను. ఆరు కిలోమీటర్లు ఎక్కువ, పైగా వాన. నువ్వుంటే వెనకనుంచి తోసేదానివి.

మోకాలు ఎలా ఉందో చేత్తోనే రాసి, ఫోటో తీసి పంపు. మన తోట బడిలో నేర్చిన అక్షరాలు మర్చిపోకూడదని ఇన్నేళ్ళూ ఇలాగే రాసుకున్నాం. వాయిస్ మెసేజ్ పెట్టి తప్పించుకున్నావో, చూడు.

కోపంతో,
యోగేశ్వరి

బంటింగ్
బుధవారం

ప్రియమైన యోగీ,

తిట్టు, పడతాను. మోకాలు పరవాలేదు. ఇంటికి మాత్రం ఫోన్ చెయ్యకు. వెనక్కి వచ్చానని అందరూ ఇప్పటికే నామీద గుర్రుగా ఉన్నారు.

గేటు తియ్యవే. పుస్తకం వాళ్ళు అడక్కుండా రాస్తారా? అరవై రెండేళ్ళ రిటైరైన టీచరమ్మవి, నిన్ను కొట్టడానికి అక్కడ ఎవరున్నారు?

రోజూ ఫోటోలు పంపు. కొండలు, గొర్రెలు, పాత గోడలు. నువ్వు పడకుండా తియ్యి. ఏం తిన్నావో, ఎంత దూరం నడిచావో కూడా రాయి.

నీ సుగంధి

టినాహీలీ
గురువారం

సుగంధికి,

నేను పడకుండా ఫోటోలేమిటి? నా మొహానికేమైంది? పంపాను, చూసుకో. వాటిలో ఉన్న గొర్రెలన్నీ గేటు అవతలివి. ఇవాళ కూడా తియ్యలేదు. మూడు గేట్లు, మూడు చుట్లు. చీకటి పడే వేళకి చేరాను. మడమ మీద బొబ్బ పగిలింది. పులిహోర పొడి పెట్టెలో ఉంది, పెట్టె నాకంటే ముందు వ్యాన్‌లో హాయిగా వచ్చి కూర్చుంది. పొద్దుట్నించీ ఒక్క బిస్కెట్ పొట్లంతో నడిచాను.

ఈ ఊళ్ళో ఎవరితో ఏం మాట్లాడను? "నీ స్నేహితురాలు ఏదీ?" అని ప్రతి ఇంట్లో అడుగుతారు. మోకాలు అని చెప్పి చెప్పి విసుగొచ్చింది. ఇంతకీ డాక్టర్ ఏమన్నాడు? నాకు ఒక్క ముక్క రాయలేదేం?

విసుగుతో,
యోగి

బంటింగ్
శుక్రవారం

ప్రియమైన యోగీ,

ఫోటోలు బాగున్నాయి. ఇవాళ తొమ్మిదింటికి లేచి కిందకి వెళ్ళి కొట్లో రొట్టి చనాయ్ పరోటా తిన్నాను, మళ్ళీ పడుకున్నాను. డాక్టర్ విశ్రాంతి అన్నాడు.

బొబ్బకి పసుపు పెట్టు.

సుగంధి

గ్లెండలాక్
శనివారం

సుగంధీ,

గేటు సంగతి ముందు చెప్పేస్తాను. నిన్న ఒక రైతు భార్య నన్ను రోడ్డు మీద చూసింది. పుస్తకం లాక్కుని చదివింది, చెయ్యి పట్టుకుని వెనక్కి తీసుకెళ్ళి గేటు తెరిచి పొలంలోకి తోసింది. ఎవరూ కొట్టలేదు. ఇవాళ ఈ వెయ్యేళ్ళ నాటి మఠం చేరాను. రాతి గోపురం, చుట్టూ సమాధులు, అవతల చెరువు. చూసి ఆనందపడాల్సింది. కానీ గోపురం కింద కూర్చోగానే మీ కోడలు దర్షిణి దగ్గర్నించి మెసేజ్ వచ్చింది. ఉన్నదున్నట్టు రాస్తున్నాను:

"ఆంటీ, అత్త ఫోటో ఒక్కటి తీసి పంపండి లా. మాకన్నీ రాళ్ళు, గొర్రెలే పంపిస్తన్నాది. చలికి తట్టుకుంటన్నాదా?"

మీ ఇంటికి నువ్వు వెళ్ళనే లేదు. మీవాళ్ళ లెక్కలో నువ్వు నా పక్కన నడుస్తున్నావు. నేను తడుస్తూ, కుంటుతూ తీసిన ఫోటోలు నీ పేరున ఇంటికి వెళ్తున్నాయి. నీ బంటింగ్ ఇంట్లో కింద రొట్టి చనాయ్ కొట్టు ఎక్కడుందే? చదివినప్పుడే నాకు తట్టాల్సింది.

ఎక్కడున్నావు? ఏం జరిగింది? ఒంట్లో ఏదైనా పెద్ద జబ్బా? రేపటిలోగా నిజం రాయకపోతే దర్షిణికి అంతా చెప్పేస్తాను. యాభై ఏళ్ళ స్నేహం కూడా అక్కడితో సరి.

యోగేశ్వరి

తెలుక్ ఇంటాన్
ఆదివారం

యోగీ,

జబ్బు లేదు. మోకాలూ బాగుంది. మన పాత తోటకి దగ్గరి ఊరు తెలుక్ ఇంటాన్‌లో, మార్కెట్ దగ్గర ఒక లాడ్జిలో ఉన్నాను.

రెండేళ్ళూ నిజంగా వద్దామనే అనుకున్నాను, ఒట్టు. ఎయిర్‌పోర్టులో మా అబ్బాయి శ్రీకుమార్ దింపి వెళ్ళాక బెంచీ మీద కూర్చున్నాను. అరగంట సేపు ఎవరూ అమ్మా అని గానీ, ఏమే అని గానీ పిలవలేదు. పుస్తకం తీసి చూస్తే, పొద్దున్నే బయల్దేరాలి, ఇరవై కిలోమీటర్లు అని ఉంది. ఏడుపొచ్చింది. నీకు ఫోన్ చేసి, ఇటు బస్సెక్కేశాను.

మావాళ్ళెవరూ చెడ్డవాళ్ళు కాదు. దర్షిణి నన్ను ఒక్క మాట అనదు. కానీ ముప్పై ఎనిమిదేళ్ళుగా ఐదింటికి లేస్తున్నాను. పది రోజులు తెలుక్ ఇంటాన్‌లో ఊరికే పడుకుంటానంటే ఒప్పుకునేవారా? "ఇంట్లో ఏటి తక్కువైనాది?" అని ఆయన బాధపడేవాడు. అదే ఐర్లండ్ అంటే శాలువా కప్పారు.

నీకెందుకు చెప్పలేదంటే, నువ్వూ టికెట్ మానుకుని నా వెంట వచ్చేసేదానివి. నాకు నువ్వు కూడా వద్దనిపించింది యోగీ. రాయడానికి సిగ్గుగా ఉంది, అయినా అదే నిజం. దర్షిణికి చెప్పాలంటే చెప్పు. నేను అడ్డం రాను.

సుగంధి

గ్లెండలాక్
ఆదివారం

సుగంధీ,

నీ ఉత్తరం మూడుసార్లు చదివాను. కోపం తగ్గలేదు. నువ్వు కూడా వద్దనిపించింది అన్న మాట దగ్గర ఇంకా పెరిగింది. మఠం చుట్టూ రెండుసార్లు తిరిగాను, ఒక్క రాయి కూడా సరిగ్గా చూడలేదు.

చెప్పుంటే నేనూ వచ్చేసేదాన్నే. పక్క మంచం మీద కూర్చుని, లే, తిను, కాస్త నడువు అని నీ ప్రాణం తీసేదాన్ని. నాకు తెలుసు. తెలుసు కాబట్టే ఇంత మండుతోంది. వచ్చాక నీతో ఒక వారం మాట్లాడను, ఇప్పుడే చెప్తున్నాను.

బుధవారం పొద్దున నా విమానం దిగుతుంది. మీవాళ్ళకంటే ముందే ఎయిర్‌పోర్టుకి వచ్చి, నేను బయటికి వచ్చే చోట పెట్టెతో నిలబడు. మొహం కాస్త అలిసినట్టు పెట్టు.

దర్షిణికి జవాబు రాసేశాను: "మీ అత్త నాకంటే శానా ముందు నడుస్తన్నాదమ్మా. ఫోటోకి ఆగమంటే ఆగడం లేదు."

ఇంకా రెండు రోజులున్నాయి. పడుకో.

యోగి