చెవి గోకుట తప్పనిసరి

3, సోమవారం. ఉదయం 6:10
ఈ రోజు నుంచి రోజుకు ఒక్కసారైనా "కాదు" అంటాను. పైకి, వినబడేలా! మా ఆవిడ పెట్టిన షరతు. "ఎవరేమన్నా తలూపుతారు. కందిరీగ వచ్చి కుట్టనా అన్నా ఊపుతారు" అంది.
నిజమే. ఊపాను.
కారణం ఉంది. బస్సు డిపోలో సామాన్ల గది నాది. ముప్పై ఎనిమిదేళ్లుగా. ఇప్పుడు దాన్ని కంప్యూటరులో పెడతారట. ఏ సామాను ఎలా ఇస్తానో రాసుకోవడానికి సాఫ్ట్‌వేర్ కంపెనీ నుంచి మనిషి వస్తుంది. ఆ మనిషి రాసిందే రేపు మిషను చేస్తుంది. తప్పు రాస్తే బస్సు కదలదు. కనుక తప్పు కనబడితే "కాదు" అనాలి. రెండక్షరాలు. ఎంతసేపు!

సాయంత్రం 5:30
వచ్చింది. చిన్నపిల్ల. నన్ను బాబాయ్ అంది. "మీ పని మీరు చేసుకోండి బాబాయ్. నేను ఓ మూల కూర్చుని చూసి రాసుకుంటాను."
బంగారం లాంటి పద్ధతి. మాట్లాడే పనే లేదు!
షెడ్డులో ఇంజన్ల రొద. మాట వినబడదు. మెకానిక్కులు కిటికీ దగ్గరికొచ్చి చేత్తో చూపిస్తారు. వేలు గుండ్రంగా తిప్పితే బెల్టు. పిడికిలి బిగిస్తే బ్రేకు సామాను. అన్నీ రాసుకుంది. బొమ్మలు కూడా గీసింది.
"కాదు": సున్నా. అవసరం రాలేదు.

4, మంగళవారం. 11:20
ఘోరం. బెల్టు ఇస్తుంటే చెవి మీద దోమ. గోక్కున్నాను. అమ్మాయి కళ్లు మెరిశాయి.
"బెల్టు ఇచ్చే ముందు చెవి గోక్కుంటారా బాబాయ్?"
"కాదు" నాలుక చివరిదాకా వచ్చింది. అంతలో ఆమె, "నాకిది మొదటి ప్రాజెక్టు. చిన్న విషయం కూడా వదలొద్దని మా సారు చెప్పారు" అని నవ్వింది.
తల ఊగింది. నేను ఊపలేదు. అదే ఊగింది.
"కుడి చెవే కదా?"
ఊగింది.

5, బుధవారం
గొంతు బాగాలేదు. "కాదు" రేపటికి.

7, శుక్రవారం
ఆమె రాసినవి తొంగి చూశాను.
బెల్టు: కుడి చెవి గోకాలి.
బ్రేకు సామాను: ఆవులించాలి. (భోజనం చేసి కూర్చున్నాను మరి.)
హెడ్‌లైటు బల్బు: ఒకసారి బయటికి వెళ్లి రావాలి. (ఎందుకు వెళ్లానో ఆడపిల్లకు ఎలా చెప్పను?)
నట్లు: "అబ్బా, నా నడుము" అనాలి.
నాలుగూ కలిపి సోమవారం చెబుతాను. విడివిడిగా ఎందుకు?

10, సోమవారం
సైలెన్సర్ వచ్చాడు. మా పెద్ద మెకానిక్కు. ఇంజన్ల మీదుగా కూడా వాడి గొంతు వినబడుతుంది, అందుకే ఆ పేరు. కాగితం చూసి మండిపడ్డాడు. మిషను వచ్చాక ఇవన్నీ సామాను అడిగేవాడే చేయాలట.
"ఏమిటన్నా ఇది? నట్టు కావాలంటే నేను నడుం పట్టుకుని మూలగాలా?"
"చెప్తాలే."
"ఎప్పుడు? నేను రిటైరయ్యాకా? శుక్రవారం నువ్వు సంతకం పెడితే ఇక మార్చరట!"
రాత్రి అద్దం ముందు ఇరవైసార్లు అన్నాను. "ఏది కాదు?" అని వంటింట్లోంచి మా ఆవిడ అడిగింది. ఆపేశాను.

14, శుక్రవారం. మధ్యాహ్నం 3:00
మీటింగు. మేనేజరు గారు, అమ్మాయి, వాళ్ల సారు. ఇరవై ఆరు పేజీలు.
ఆ సారే అడిగాడు! "బెల్టుకూ చెవికీ ఏమిటండీ సంబంధం?"
బతికిపోయాను అనుకున్నాను. మేనేజరు గారు అడ్డొచ్చారు. "పెద్దాయనది ముప్పై ఎనిమిదేళ్ల అనుభవం సార్. ఊరికే గోక్కోరు."
అందరూ నా వైపు చూశారు. అమ్మాయి పెన్ను మూత తీసింది. మెల్లగా అడిగింది: "తప్పేమైనా రాశానా బాబాయ్?"
"లేదమ్మా!" అన్నాను.
గది మారుమోగింది. జీవితంలో అంత గట్టిగా ఎవరికీ అడ్డు చెప్పలేదు.
సంతకం పెట్టాను. ఇది లెక్కలోకి వస్తుందా? మా ఆవిడను అడగాలి. అడగను.

కొత్త నెల 8, సోమవారం
మిషను వచ్చింది. కిటికీకి కెమెరా. మెకానిక్కులు వరుసగా నిలబడి చెవులు గోక్కుంటున్నారు.
9:30 బస్సుకు బెల్టు తెగింది. యాభై రెండు మంది ప్రయాణికులు. సైలెన్సర్ కుడిచేతికి కట్టు. ఎడంచేత్తో గోక్కున్నాడు. మిషను ఒప్పుకోలేదు. వేరేవాడు వచ్చి వాడి చెవి గోకాడు. "ఇద్దరు కనబడుతున్నారు. బెల్టులు రెండా?" అంది మిషను.
ప్రయాణికులు దిగి వచ్చి సలహాలు చెప్పారు. ఒకావిడ తన చెవి ఇస్తానంది.
బస్సు 11:40కి కదిలింది. రెండు బెల్టులతో.
సైలెన్సర్ నాతో మాట్లాడలేదు. అది మరీ భయంగా ఉంది.

9, మంగళవారం
అమ్మాయి వచ్చింది. ముఖం పాలిపోయింది.
"ఆ దోమను నేనూ చూశాను బాబాయ్. పెద్దవారిని దోమా అని అడిగితే ఏం బాగుంటుందని..."
ఇరవై ఆరు పేజీలూ మళ్లీ నా ముందు పెట్టింది.
నిన్నటి గొడవ చూశాక, పదిహేనో తేదీ లోపు మార్చడానికి వాళ్ల సారు ఒప్పుకున్నారట. ఏవి అక్కర్లేదో మీటింగులో నేనే నోటితో చెప్పాలి. నాలుగు "కాదు"లు.
"మరి నీ ఉద్యోగం?"
"ఖాయం చేశారు బాబాయ్! టికెట్లు, జీతాలు, క్యాంటీను, అన్నీ నాకే ఇచ్చారు. క్యాంటీను నిన్నే మొదలుపెట్టాను. పాపం, వంటాయన పొద్దున్నుంచీ తుమ్ముతూనే ఉన్నాడు."
"రాశావా?"
"రాశాను. కూరకు రెండుసార్లు. సరిపోతుందా బాబాయ్?"
ఊగింది.

10, బుధవారం. ఉదయం
మళ్లీ మొదలు. రోజుకు ఒక్క "కాదు". ఈ రోజు గడువు మధ్యాహ్నం ఒంటిగంట, క్యాంటీనులో వడ్డించేలోపు. తప్పకుండా అంటాను.
భోజనం డబ్బా మా ఆవిడ చేత కట్టించుకున్నాను.